తప్పుల్లేని గళ్లు

కోటబొమ్మాళి స్టేషన్లో టికెట్లిచ్చి రిటైరైన జగన్నాధం, రోజూ అరుగు మీద కూర్చుని పేపర్లో గళ్ల నుడికట్టు నింపుతాడు. ఆయన ఆధారాలు పైకి చదివితే, చేపలు తోముతూ, చదువురాని భార్య కూర్మమ్మ జవాబులు చెప్పేది. "ఇంటికి వెలుగు, రెండక్షరాలు" అంటే "కరెంటు గాక మరేటి?" అనేది. దీపమని తెలిసినా, ఆమె చెప్పిన మూడక్షరాలనూ రెండు గళ్లలో ఇరికించి రాసేవాడు. మర్నాడు పేపర్లో జవాబులు చూసి ఆయన తప్పని చెప్పినా, "ఆ పేపరోలకేటి తెలుసు?" అనేది. ఎర్రపెన్నుతో దానికీ టిక్కు పెట్టేవాడు.

ఆమె పోయి రెణ్ణెల్లయింది. ఇప్పటికీ ఆధారాలు పైకే చదివి, కాసేపు ఆగి, అప్పుడు రాస్తాడు. మొన్న పక్కింటి త్రినాథ్ ఆ పేపర్లు తిరగేసి, "ఒక్క తప్పూ నేదు గదా మావా!" అని మెచ్చుకున్నాడు.

జగన్నాధం ఎర్రపెన్నుకు మూత పెట్టాడు.

"రెణ్ణెల్లుగా అంతేరా" అన్నాడు.