మూడున్నర నుంచి ఆరు దాకా

కుట్టుమిషన్ల హాల్లో కాలర్లు కుట్టే ఆమెకు మూడున్నర అయ్యిందంటే చూపు గడియారం మీదికే పోతుంది. అది బడి వదిలే వేళ. ఎనిమిదేళ్ల కూతురు ఒంటరిగా ఇంటికెళ్లి, లోపల గడియ వేసుకుని, అమ్మ వచ్చే ఆరింటిదాకా కూర్చోవాలి. బడిలో ఆరింటిదాకా సాయంత్రం తరగతి ఉంది గానీ, అది మంచి మార్కులొచ్చే పిల్లలకే. నాలుగింటికి ఆమె మంచినీళ్ల వంకతో లేచి, గోడవైపు తిరిగి ఫోన్ చేస్తుంది. "గడియ వేశావా తల్లీ? పొయ్యి జోలికి వెళ్లకు." రోజూ అవే మాటలు. నిన్న పిల్ల ఫోన్ ఎత్తలేదు. ఐదోసారీ ఎత్తకపోయేసరికి, సూపర్‌వైజర్ కేకలు వినిపించుకోకుండా ఇంటికి పరుగుతీసింది. తలుపు ఎంత బాదినా లోపల చప్పుడు లేదు. గొంతు పోయేలా అరిచాక, తలుపు వెనక నుంచి సన్నగా వినిపించింది: "నిజంగా నువ్వేనా అమ్మా?" ఇందాక ఎవరో తలుపు కొట్టారట. ఫోన్ మోగితే వాళ్లకు వినబడుతుందని పిల్ల దాన్ని దిండు కింద కుక్కి, మంచం కిందికి దూరిందట.

పొద్దున్నే వెళ్లి హెడ్‌మిస్ట్రెస్ ముందు నిలబడింది. "మా పిల్లకి మార్కులు తక్కువే మేడమ్. భయం మాత్రం తక్కువ కాదు" అంది. "సరే, మీ అమ్మాయిని చేర్చుకుంటాను. ఎవరితోనూ అనకండి" అందావిడ. దణ్ణం పెట్టి బయటపడాల్సింది. కానీ అక్కడే నిలబడింది. "మా వీధిలో ఇంకా తొమ్మిది మంది పిల్లలున్నారు మేడమ్. వాళ్లూ ఇలాగే బిక్కుబిక్కుమంటూ కూర్చుంటారు." అనేశాక, ఇచ్చిన చోటు కూడా పోతుందేమోనని భయపడింది. హెడ్‌మిస్ట్రెస్ ఒక కాగితం ముందుకు లాక్కుంది. "అందరికీ చోటుంటుందని మాటివ్వలేను. పేర్లు చెప్పండి." ఆమె ఒక్కొక్కటే చెప్పింది. కూతురి పేరు చివర చెప్పింది.