బరువు లేని వెల్డింగ్ మిషన్

ఎల్లారెడ్డిల మాది వెల్డింగ్ షాపు. బాపు పెట్టిండు, ఇప్పుడు నేను నడుపుతున్న. ఆయన కొన్న పాత మిషన్‌ను ఆటోల ఎక్కియ్యాలంటే నలుగురు కావాలె. దాన్ని మోసి మోసి నడుము పట్టేసింది. పోయినేడు కామారెడ్డికి పోయి ఇన్వర్టర్ మిషన్ కొన్న. బస్సుల ఒళ్లో పెట్టుకొని తెచ్చిన.

బాపు ఒక్క చేత్తోటి లేపి చూసి కింద పెట్టిండు. "ఇందుల ఏమున్నదిరా? ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి అమ్మిండ్రా నీకు?"

"ఉన్నది బాపూ, చిన్నగుంటది."

"ఇనుము లేకుంట, రాగి లేకుంట ఎట్ల?"

చెప్పిన. లైన్ల కరెంటు సెకనుకు యాభై సార్లే అటూ ఇటూ తిరుగుతది. ఒక్కో విడతకు బరువు ఎక్కువ పడ్తది, అందుకే గంత ఇనుము, గంత రాగి, గంత ధర. కొత్త మిషన్ దాన్ని సెకనుకు వేల సార్లు తిప్పుతది, విడతకు పడేది కొంచెమే. తొట్టిని పెద్ద బొక్కెనతోటి నిమ్మళంగ నింపినా, చెంబుతోటి గబగబ నింపినా నిండుడే గద అన్న.

"అయితే పోల్ మీది ట్రాన్స్‌ఫార్మర్ డబ్బను గూడ చెంబంత చెయ్యరాదా కరెంటోళ్లు?"

"లైనంతా యాభైకే కట్టిండ్రు బాపూ. అది మార్చాలంటే అన్నీ మార్చాలె."

బాపుకు నచ్చలె. రోజూ చాయ్ తాగుకుంట మళ్ల అదే అడిగేటోడు. నేను మళ్ల చెంబు కాడికెల్లి మొదలువెట్టేటోన్ని.

ఒకరోజు గాంధారి దిక్కు తండాల ట్రాక్టర్ ట్రాలీ విరిగిందని పిలిచిండ్రు. నేను వద్దన్నా బాపు పెద్ద మిషన్ గూడ ఎక్కిచ్చిండు, తనూ ఎక్కిండు. ట్రాలీ ఆయన నా చేతిల చిన్న మిషన్ చూసి, "అన్నా, పెద్దది తెచ్చినవు గద, దాంతోటే వెయ్యి" అన్నడు. బాపు నా దిక్కు చూసిండు. పండ్లు కొరుక్కుంట పెద్దదే పెట్టిన. రాడ్ అంటిచ్చిన్నో లేదో అది గుంజిన కరెంటుకు పోల్ మీద ఫ్యూజ్ కొట్టేసింది. తండాల మోటర్లన్నీ బందయినయి. ఆడోళ్లు బిందెలు పట్టుకొనొచ్చి తిట్టిండ్రు, అదీ నన్నే. లైన్‌మన్ వచ్చి ఫ్యూజ్ వేసేసరికి పొద్దు వాలింది.

ఎవ్వర్ని అడగకుంట చిన్న మిషన్ పెట్టి అతుకు వేసిన. బాపు వంగి సుత్తెతోటి గట్టిగ కొట్టి చూసిండు. ఊడలె.

"ఆగుతది" అన్నడు, ట్రాలీ ఆయనతోటి.

ఇప్పుడు పనికి చిన్నదే తీస్కపోతున్న. పెద్దదాన్ని పాత ఇనుముకు అమ్ముదామంటే బాపు వింటలేడు. షాపు తొవ్వల అడ్డంగ అట్లనే కూసున్నది, వచ్చేటప్పుడు పోయేటప్పుడు నా మోకాలుకే తాకుతది.