ఎండమ్మ పెట్టిన మేత

ఎండమ్మ అన్నది వీధి పెట్టిన పేరు. పెళ్లికి ముందు నుంచీ ఒడ్డున చిన్నచేపలు ఎండబెట్టి, గంపకెత్తి, సందుసందునా అమ్మిన మనిషి ఆమె. పెద్ద చేప కొనలేని ఇళ్లలో పిల్లల కంచంలో పడే పిడికెడు బలం ఆ గంపలోదే. ఆ గంపను ఖాళీ చేసినవాడు పరాయివాడేం కాదు, సొంత అక్క మొగుడు.

బావ మొదట కంపు కొడుతోందని అర్జీ పెట్టించి, చేపలు ఎండబెట్టే ఆడవాళ్లను ఒడ్డు మీంచి లేపించాడు. లేచిన చోటే కౌలుకు తీసుకుని చేపలపొడి ఫ్యాక్టరీ కట్టాడు. ఇక పడవ ఒడ్డు తాకీతాకకముందే చిన్నచేపంతా అతని మరలోకి పోయేది. పొడై బస్తాలకెక్కి, చెరువుల్లో పెంచే పెద్ద చేపలకు మేతయ్యేది. పేదపిల్ల నోటికాడిది లాగి చేప నోట్లో పెట్టడం, ఆ చేపను ఉన్నవాళ్ల బల్ల మీద పెట్టడం, దానికి పరిశ్రమ అని పేరు పెట్టడం! ఆ ఫ్యాక్టరీ కంపు ఊరంతా కమ్మినా ఎవరూ అర్జీ పెట్టలేదు. యజమాని చొక్కా తెల్లగా ఉంటే కంపు కూడా అత్తరే కాబోలు.

ఎండమ్మ గేటు దగ్గరే నిలదీసింది. "మా పొట్ట కొట్టావు బావా!"

"ఏడిస్తే నిండుతుందా మరదలా? బస్తాలు కుట్టే పనుంది, వస్తావా?" అని నవ్వాడు బావ.

ఆ నవ్వు ఆమె గొంతులో చేపముల్లులా అడ్డంపడింది.

బావ దగ్గర అందరికంటే ఎక్కువ పొడి కొనేది ఊరవతల చెరువుల కంపెనీ. ఎండమ్మ వెళ్లి అక్కడే మేత వేసే పనిలో చేరింది. కొన్నాళ్లకి మేనేజరు కొత్త మేత తెప్పించాడు. సోయాపిండి, వేరుశనగ చెక్క, పప్పుల పిండి కలిపిన గుళికలు. చేపలపొడి చిటికెడు కూడా లేదు. ఒక చెరువులో పెట్టి చూస్తారట, చేపలు బాగా ఎదిగితే అన్ని చెరువులకీ అదేనట.

"ఆ చెరువు నాకివ్వండి సారూ" అంది ఎండమ్మ.

"ఇస్తాను గానీ, వేటాడి తినే జాతమ్మా ఇది. పాత మేత ఒక్కసారే ఆపకు. కొంచెం కొంచెంగా తగ్గించు."

పాత బస్తా విప్పితే బావ ఫ్యాక్టరీ వాసన గుప్పుమంది. ఆమెకు ఒళ్లు మండిపోయింది. మొదటిరోజే దాన్ని పూర్తిగా ఆపేసింది.

చేపలు గుళికను నోట్లోకి తీసుకోవడం, వెంటనే ఉమ్మేయడం. మేత నీళ్లలో నానిపోయింది. ఆకలికి పెద్దవి చిన్నవాటి తోకలు కొరికాయి. గట్టు పక్కన చచ్చినవి తేలాయి. అప్పుడే బస్తాల లారీతో వచ్చిన బావ చెరువులోకి తొంగిచూసి, కడుపుబ్బ నవ్వాడు.

"పిల్లికి పప్పన్నం పెట్టి సన్యాసం ఇప్పిస్తున్నావా మరదలా?"

మేనేజరు ఆమెను పక్కకి పిలిచాడు. "నీ కోపం నువ్వు తినమ్మా, చేపలకెందుకు పెడతావు? ఇంకోసారి ఇలా జరిగిందో, ఈ ప్రయోగం ఆపేస్తాను. పాత మేతే ఖాయం."

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తన పగే బావకి కాపు కాస్తోంది! పళ్లు బిగించి బావ బస్తాను తన చేత్తోనే విప్పింది. పాత మేతలో కొత్త గుళికలు కాసిని కలిపింది, చేపలు అలవాటు పడ్డాక ఇంకాసిని. వేసిన ప్రతిసారీ చేతులు సబ్బుతో తోముకునేది. బావ పొడి తగ్గిన ప్రతి గుప్పెడూ అతని గొంతు నులిమినంత హాయిగా ఉండేది. ఆఖరికి బకెట్టు చప్పుడు వింటే చాలు, చేపలు గట్టుకి ఎగబడి వచ్చేవి, వట్టి గింజల మేతకే. తూకంలో పక్క చెరువుకి తీసిపోలేదు. అన్ని చెరువులకీ కొత్త మేతే అన్నారు.

బావ పరుగెత్తుకొచ్చాడు. ఈసారి చొక్కా నలిగి ఉంది.

"మీ అక్క మొహం చూసైనా కనికరించు మరదలా. వాసనకైనా పిడికెడు పొడి ఉండాలని మీ సారుకి ఒక్క మాట చెప్పు."

ఎండమ్మ బకెట్టు అతని చేతిలో పెట్టింది. "నువ్వే వేసి చూడు బావా."

వేశాడు. నీళ్లు కుతకుతలాడాయి. చేపలు ఒక్క గుళికా ఉమ్మలేదు.

"చూశావా? పిల్లి పప్పన్నం తింటోంది. ఇక సన్యాసం ఎవరికో నువ్వే చూసుకో."

పెద్ద బేరం పోయి ఫ్యాక్టరీ మూతపడింది. ఒడ్డుకొచ్చిన చిన్నచేప మళ్లీ గంపల్లోకి దిగింది. కౌలు గడువు తీరగానే ఆ స్థలం మాకు కావాలని ఆడవాళ్లంతా అర్జీ పెట్టారు. ఫ్యాక్టరీలో బస్తాలు మోసి పని పోగొట్టుకున్నవాళ్లను కూడా కలుపుకున్నారు. స్థలం వచ్చింది.

బావ ఆఫీసుగది సర్దుకుంటున్న రోజునే ఎండమ్మ మొదటి గంప దించింది. ముంగిట్లో జాగా ఎంతో ఉంది. ఆమె మాత్రం ఏరికోరి అతని కిటికీ కిందే చేపలు పరిచింది. గాలి లోపలికి తిరిగింది. కిటికీ రెక్క దబ్బున పడింది.

"మూసుకుంటే ఉక్కపోస్తుంది బావా, తీసే ఉంచు!" అని కేకేసి, ఎండమ్మ చేపల్ని ఒక్కొక్కటే తీరిగ్గా రెండో వైపు తిప్పింది.