ఓడలో దిష్టి తీసిన సాయంత్రం

కోవిడ్ ఆంక్షలు తొలగి విహార నౌకలు మళ్ళీ తిరగడం మొదలుపెట్టిన మరుసటి వేసవిలో, మే నెలలో, సింగపూర్ నుంచి పెనాంగ్ వెళ్ళి తిరిగి సింగపూర్ చేరే ఓడ ప్రయాణానికి నన్ను టూర్ మేనేజరుగా వేశారు. గుంటూరు బ్రాడీపేటలోని ఒక ట్రావెల్ ఆఫీసులో అప్పటికి చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కాశీ, షిర్డీ బస్సులతో మొదలైన ఉద్యోగం ఓడల దాకా వచ్చింది. మే నెలలో మిర్చి యార్డుకు వేసవి సెలవులిస్తారు. కమీషన్ వ్యాపారులకూ, కోల్డ్ స్టోరేజీల వాళ్ళకూ, జిన్నింగ్ మిల్లుల వాళ్ళకూ ఇల్లు కదిలే వీలు చిక్కేది అప్పుడే. యార్డు మూతపడిందంటే మా ఆఫీసుకు ఊపిరాడదు.

టూర్ మేనేజర్ అంటే ఓడలో అధికారం ఉన్న మనిషి అని మా ప్రయాణికులు అనుకుంటారు. అది నిజం కాదు. విమానాశ్రయంలో, హోటల్లో నా మాట కాస్త చెల్లుతుంది. ఓడ ఎక్కాక నేనూ మెడలో బ్యాడ్జీ ఉన్న ప్రయాణికుణ్ణే. అక్కడ కెప్టెన్ తర్వాతి స్థానం స్టాఫ్ కెప్టెన్‌ది. క్రమశిక్షణ, భద్రత ఆయన చేతిలో ఉంటాయి. భద్రతాధికారి ఆయనకు జవాబుదారీ. గదులు, భోజనాలు చూసే హోటల్ డైరెక్టర్ వేరు. దుప్పటి బాగాలేకపోతే ఎవరితో చెప్పాలో, గొడవ జరిగితే ఎవరి ముందు నిలబడాలో తెలియడమే మా వృత్తిలో సగం పని.

బయలుదేరే ముందు ఆఫీసు మేడమీద అందరినీ కూర్చోబెట్టి చెప్పవలసినవన్నీ చెప్పాను. సింగపూర్‌లో రెండుసార్లు అడుగుపెట్టాలి కాబట్టి వీసా అందుకు సరిపోతుందో లేదో చూసుకోమన్నాను. విమానం ఆలస్యమైతే ఓడ మన కోసం ఆగదు కాబట్టి ఒక రోజు ముందే సింగపూర్ చేరతామన్నాను. రేవులో పెద్ద పెట్టెలు ఓడవాళ్ళు తీసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది, కనుక బీపీ, షుగరు మందులు చేతిసంచిలోనే ఉండాలన్నాను. ఓడ కదలగానే ఫోన్లు ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే బిల్లు చూసి గుండె ఆగుతుందని కూడా చెప్పాను. ఇస్త్రీ పెట్టె, హీటరు, రైస్ కుక్కరు, అగరొత్తులు, కర్పూరం, అగ్గిపెట్టె నిషేధమని గొంతు పెంచి మరీ చెప్పాను. అందరూ బుద్ధిగా తలలూపారు. తలలూపడంలో మనవాళ్ళను మించినవాళ్ళు లేరు.

గది ఎంచుకోవడం దగ్గరే మొదటి తగవు వచ్చింది. సాంబశివరావు గారు యార్డులో కమీషన్ వ్యాపారి, సొంత ఊరు అద్దంకి దగ్గర. భార్య పద్మను, తల్లి నాగరత్నమ్మ గారిని తీసుకుని వస్తున్నారు. ఓడ పటం చూసి, ముక్కు దగ్గర, పై అంతస్తులో ఉన్న గది కావాలన్నారు. బస్సులో ముందు సీటు మంచిది కాబట్టి ఓడలోనూ ముందు గదే మంచిదని ఆయన లెక్క. ఓడ సంగతి వేరు. అలలకు ముక్కూ తోకా లేచి పడుతుంటాయి. నడుమ, కింది అంతస్తుల్లో కుదుపు తక్కువ. ఉయ్యాల బల్ల కొసన కూర్చున్నవాడికీ మధ్యలో కూర్చున్నవాడికీ ఉన్నంత తేడా. ఈ మాటే చెప్పాను. "మేనేజర్ గారూ, డబ్బు మేం పెట్టుకుంటాం, ముందు గదే వేయండి" అన్నారు. వేశాను.

ఈ ప్రయాణం నిజానికి పద్మ కోరిక. పెళ్ళయ్యాక తిరుపతికీ, చుట్టాల శుభకార్యాలకూ తప్ప ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. ఫోనులో ఎవరిదో ఓడ వీడియో చూసి ఏడాదిపాటు భర్త చెవిలో పోరుపెట్టి ఒప్పించింది. అత్తగారిని వదిలి వెళ్ళనని కూడా ఆవిడే పట్టుబట్టిందట. నాగరత్నమ్మ గారేమో కోడల్ని ఒక్క మంచి మాట అనగా ఎవరూ విని ఉండరు. సింగపూర్ హోటల్లో అల్పాహారం దగ్గర కూడా "కాఫీ ఆరిపోతంది, ఎంతసేపు తాగుతావ్" అని కసురుతూనే ఉన్నారు.

ఓడ ఎక్కిన రోజు బాగానే గడిచింది. ప్రమాదం వస్తే ఎవరు ఎక్కడ చేరాలో చూపించే కసరత్తుకు అందరినీ దగ్గరుండి తీసుకెళ్ళాను. దీన్ని ఎగ్గొట్టకూడదు; ఎగ్గొడితే గది దగ్గరికి వచ్చి మరీ పిలుచుకుపోతారు. రాత్రి విందుకు పద్మ కొత్త చీరాల పట్టుచీర కట్టుకుంది. ఇద్దరు ముగ్గురు విదేశీ ఆడవాళ్ళు వచ్చి చీర చెంగు పట్టుకుని చూసి, ఫొటోలు తీసుకున్నారు. పద్మ ముఖం వెలిగిపోయింది. ఓడ కుదుపుకు వాంతులు రాకుండా విందుకు ముందే వేసుకోమని నేనిచ్చిన మాత్రను "తిన్నాక వేసుకుంటాలెండి" అని పర్సులో పెట్టుకుంది. ఆ మాత్ర కడుపు తిప్పకముందు పనిచేస్తుంది. తిప్పడం మొదలయ్యాక అది కూడా వాంతిలోనే పోతుంది.

మరునాడంతా సముద్రంలోనే. అంత పెద్ద అలలేమీ లేవు, కానీ ముందు గదికి ఆ మాత్రం చాలు. పద్మ పొద్దున్నించీ వాంతులతో మంచం దిగలేదు. ఇలాంటప్పుడు చేయవలసింది సులువే. గదిలో పడుకోకుండా ఓడ నడుమకు వచ్చి, బయటి గాలిలో కూర్చుని, దూరంగా ఆకాశం సముద్రాన్ని కలిసే గీతను చూస్తూ ఉండాలి. పొడి బిస్కెట్లు, కాస్త అల్లం, ఆపిల్ ముక్క తినాలి. అన్నీ చెప్పాను. ఆవిడ తల ఎత్తలేకపోయింది. "ఇంత ఖర్చుపెట్టించి ఇదా నేను చూసింది" అని గోడవైపు తిరిగి ఏడ్చింది. ఓడ డాక్టరును పిలిపిస్తానంటే, సాయంత్రం దాకా చూద్దామన్నారు సాంబశివరావు గారు.

సందెవేళ నేను డెక్కు మీద టీ తాగుతుండగా రిసెప్షన్ నుంచి ఫోను వచ్చింది. మా బృందంవాళ్ళ గదిలో పొగ హెచ్చరిక మోగిందన్నారు. పరుగెత్తాను. నడవాలో నలుగురైదుగురు దగ్గుతూ, కళ్ళు తుడుచుకుంటూ నిలబడి ఉన్నారు. భద్రతా సిబ్బంది ఇద్దరు ముసుగులు తగిలించుకుని లోపలికి వెళుతున్నారు. ఆ ఘాటు నా ముక్కుకు తగలగానే విషయమంతా అర్థమైపోయింది. గుంటూరులో పుట్టినవాడికి అది ఏ పొగో ఎవరూ చెప్పనక్కర్లేదు.

నాగరత్నమ్మ గారు స్నానాలగదిలో స్టీలు పళ్ళెం పక్కన నిలబడి ఉన్నారు. కోడలికి దిష్టి తగిలిందని ఆవిడ నిర్ణయం. అంతమంది పరాయివాళ్ళు చీర పట్టుకుని చూశాక తగలక ఏమవుతుంది? ఎండుమిరపకాయలు, కళ్ళుప్పు పద్మ చుట్టూ తిప్పి, పళ్ళెంలో కర్పూరం వెలిగించి అందులో వేశారు. అగ్గిపెట్టె, కర్పూరం పూజ సంచిలో కాక, చెమ్మ తగలకుండా రవికె ముక్కలో చుట్టి చీరల మధ్య పెట్టుకున్నారట. స్కానరుకు ఆనలేదు. "పళ్ళెంలోనే ఎలిగించా నాయనా, పక్కన చెంబుతో నీళ్ళు కూడా పెట్టుకున్నా. గదికేం కాలా" అన్నారు నాతో. సగం కాలిన మిరపకాయలు ఆ చెంబు నీళ్ళలోనే తడిసి, ఆ పాటికే సిబ్బంది ప్లాస్టిక్ సంచిలోకి చేరాయి.

ఇంట్లో నిప్పంటుకుంటే వీధిలోకి పరుగెత్తుతాం. నడిసముద్రంలో పరుగెత్తడానికి వీధి లేదు. అందుకే గదిలో నిప్పు వెలిగించడాన్ని ఓడవాళ్ళు అన్నిటికంటే పెద్ద తప్పుగా చూస్తారు. స్టాఫ్ కెప్టెన్ తలచుకుంటే కుటుంబాన్ని తర్వాతి రేవులో దింపేయవచ్చు. తర్వాతి రేవు పెనాంగ్, తెల్లారితే వస్తుంది. దింపేశాక విమానం టికెట్లు వాళ్ళవే, అవమానమూ వాళ్ళదే. పద్మ ఓడ ప్రయాణం వాంతులతో మొదలై అక్కడితో ముగుస్తుంది.

సాంబశివరావు గారినీ, ఆయన తల్లినీ తీసుకుని భద్రతా కార్యాలయానికి వెళ్ళే దారిలో మా బృందంలోని ఒక పెద్దమనిషి నన్ను పక్కకు లాగి, హెయిర్ డ్రయర్ కాలిందని చెప్పేయండి, పోతుంది అన్నారు. చెప్పనన్నాను. ఓడలో భద్రతాధికారికి అబద్ధం చెప్పకూడదు. నడవాల్లో కెమెరాలుంటాయి, ఏ గదిలో ఎప్పుడు పొగ వచ్చిందో యంత్రమే చెబుతుంది. పైగా వాళ్ళ సంచిలో మిరపకాయలు కనిపిస్తూంటే డ్రయర్ అంటే ఎవరు నమ్ముతారు?

భద్రతాధికారి తాపా నేపాల్ మనిషి, సైన్యంలో చేసి వచ్చినవాడు. నవ్వని ముఖం. నేను నాకొచ్చిన హిందీలో జరిగింది జరిగినట్టు చెప్పాను. ఈలోగా సాంబశివరావు గారు తల్లి మీద విరుచుకుపడ్డారు. "నీకేమన్నా బుద్ధుందా అమ్మా? ఇంత ఘాటొచ్చింది, అంటే దిష్టే లేదని కదా అర్థం?" ఘాటు వస్తే దిష్టి లేనట్టు, రాకపోతే ఉన్నట్టు అని మన లెక్క. నాగరత్నమ్మ గారు తగ్గలేదు. "సగమేగా కాలింది. పూర్తిగా కాలితేగా తెలిసేది" అన్నారు.

గోడ పట్టుకుని నడుస్తూ పద్మ కూడా వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఆవిడనేం అనమాకండి. నాకోసమే చేసింది" అంది భర్తతో. అంతవరకూ నిటారుగా నిలబడిన పెద్దావిడ అప్పుడు కుర్చీలో కూలబడ్డారు. "బాబూ, కావాలంటే నన్ను దింపెయ్యమను. పిల్లను దింపొద్దను. మా ఇంటికొచ్చిన కాడ్నించి అది ఏ సరదా ఎరగదు" అన్నారు. నేను ఇది ఒక్క మాట పోకుండా హిందీలో చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

తాపా, తన ఊళ్ళో తన తల్లి కూడా ఎండుమిరపకాయలతోనే ఇలా చేస్తుందన్నాడు. అంతమాత్రాన నియమం మారదనీ, జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు స్టాఫ్ కెప్టెన్‌కు చెబుతాననీ అన్నాడు.

అక్కడితో లేచిపోతే బాగుండేది. నాగరత్నమ్మ గారి చూపు బల్ల మీద సంచి మీద పడింది. "ఆ సగం కాలిన దిష్టి అట్టా పెట్టుకోకూడదని చెప్పు నాయనా. ఆ బాబుకు తగులుద్ది" అన్నారు. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాను. తాపా సంచిని తన మోచేతి దగ్గరి నుంచి బల్ల చివరికి జరిపాడు. ఓడలో చెత్త కాల్చే పెద్ద కొలిమి ఉంటుందనీ, పట్టుకున్న వస్తువులు అందులోకే పోతాయనీ చెప్పాడు. "పూర్తిగా కాలుద్దా?" అని ఆవిడ అడిగారు. బూడిద తప్ప ఏమీ మిగలదన్నాడు.

గదిలో ఘాటు పోయేదాకా ఎవరూ పడుకోలేరు కాబట్టి హోటల్ విభాగం వాళ్ళకు వేరే గది చూపించింది. ఖాళీగా ఉన్నది ఒక్కటే. కింది అంతస్తులో, సరిగ్గా ఓడ నడుమ, కిటికీ కూడా లేని గది. సాంబశివరావు గారు ముఖం చిట్లించుకున్నారు. నేను వాళ్ళ పెట్టెలు అక్కడికి పంపించాను. పద్మ మాత్ర వేసుకుని పడుకుంది. ఈసారి అది కడుపులో నిలిచింది.

పొద్దున్నే ఓడ పెనాంగ్ రేవులో ఆగింది. స్టాఫ్ కెప్టెన్ గదికి నన్నూ, సాంబశివరావు గారినీ పిలిచారు. పెట్టెలు సర్దే ఉంచమని ఆయనకు ముందే చెప్పాను. చెడ్డ కబురు చివరి నిమిషంలో వింటే మనిషి మరీ కుంగిపోతాడు. స్టాఫ్ కెప్టెన్ కుదురైన మాటతీరున్న యూరోపియన్. దింపడం లేదన్నారు. నిజం చెప్పారు, నష్టం జరగలేదు, కనుక హెచ్చరికతో వదులుతున్నామన్నారు. సామాను మళ్ళీ తనిఖీ చేస్తారు, పెద్దావిడకు నిప్పు ప్రమాదం గురించి నేను దగ్గర కూర్చుని ఇంకోసారి వివరంగా చెప్పాలి, అంతే. నడవాలోకి రాగానే సాంబశివరావు గారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. చావు తప్పి కన్ను లొట్టపోయినట్టయింది మాకు.

గదికి వెళ్ళేసరికి పద్మ తల దువ్వుకుని, పెరుగన్నం తిని, ఊరు చూడటానికి సిద్ధంగా ఉంది. ఓడ మెట్ల దగ్గర తాపా నిలబడి ఉన్నాడు. మిరపకాయలు కాల్చేశామని నాతో చెప్పాడు. నాగరత్నమ్మ గారు ఆగి, ఘాటొచ్చిందేమో అడగమన్నారు. ఇనుప తలుపులు మూసిన కొలిమిలోంచి ఘాటెలా వస్తుంది? అస్సలు రాలేదన్నాడు తాపా. ఆవిడ కొడుకువైపు తిరిగి, "ఇన్నావా? ఎంత దిష్టి ఉందో చూడు" అన్నారు. గది మారడం వల్ల తగ్గిందని నా నాలుక చివరిదాకా వచ్చింది. కోడలి చెయ్యి పట్టుకుని ఆవిడ మెట్లు దిగుతూంటే మింగేశాను.

ఆ మధ్యాహ్నమే ఆవిడను కూర్చోబెట్టి నిప్పు సంగతి మళ్ళీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. అంతా అయ్యాక, దిష్టికి నిప్పే కావాలా అని ఊరికే అడిగాను. "అక్కర్లేదు. ఉప్పు తిప్పి నీళ్ళలో కలిపేసినా పోద్ది. ముందే అడిగితే చెప్పేదాన్నిగా" అన్నారు.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా నడిపిన ప్రతి ఓడ ప్రయాణానికీ ముందు, గది నడుమ తీసుకోండి, మాత్ర ముందే వేసుకోండి అన్న మాటలతో పాటు ఇంకొకటి చేర్చాను. ఫలానాది తేవద్దని చెప్పి ఊరుకోలేదు. అది లేకపోతే మీకు ఏ పని ఆగిపోతుందని ఒక్కొక్క ఇంటివాళ్ళనూ, ముఖ్యంగా పెద్దవాళ్ళనూ అడిగి, దానికి బదులు ఓడలో ఏం చేయవచ్చో వాళ్ళ చేతే చెప్పించాను. ఉప్పు మీద ఏ ఓడలోనూ నిషేధం లేదు.