కోడిపుంజు లేని ఏడు బిళ్లలు

2022 ఎండాకాలం. గద్వాలలో మా వెండి దుకాణానికి ఇటిక్యాల దగ్గరి పల్లె నుంచి మరియమ్మ అనే ఆవిడ వచ్చింది. గుడ్డసంచిలోంచి ఏడు బిళ్లలు తీసి నా ముందు పెట్టి, కరిగించి కడియాలు చేయమంది. భర్త దేవదానాన్ని సింగపూర్ పంపడానికి పాత కడియాలు అమ్ముకున్నారట. ఎనిమిదేళ్లు అక్కడ బిల్డింగుల పని చేసి, అతను ఈమధ్యే తిరిగొచ్చాడు.

ఇరవై ఏళ్లుగా వెండి పని చేస్తున్నా అలాంటి బిళ్లలు నేనెప్పుడూ చూడలేదు. ఒక్కోటి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలో ఉంది. వేలిముద్ర పడకుండా పెట్టే ఆ డబ్బీని కాప్సూల్ అంటారు. గుర్రం, మేక, కోతి, కుక్క, పంది, ఎలుక, ఎద్దు. బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా, దాని చుట్టూ వెండి అద్దంలా ఉంది. ఇలా అచ్చువేయడాన్ని ప్రూఫ్ అంటారని తర్వాత తెలిసింది. ఆమెనడిగి ఒక డబ్బీ తెరిచి టంచ్ చూశాను. టంచ్ అంటే లోహం ఎంత స్వచ్ఛమో తేల్చడం. వెయ్యికి తొమ్మిది వందల తొంభై తొమ్మిది. మేలిమి వెండి.

ఏటా ఊరికి వచ్చేవాళ్ల చేత భర్త ఒక బిళ్ల పంపేవాడని మరియమ్మ చెప్పింది. కోతి వచ్చినప్పుడు వాడకట్టంతా నవ్విందట. పంది వచ్చిన ఏడు ఎవరికీ చూపించనే లేదట.

ఈ జంతువులే ఎందుకో తెలుసుకోవాలనిపించి ఫోనులో వెతికాను. చైనావాళ్లు ఏడాదికొక జంతువు చొప్పున పన్నెండు జంతువులు పెట్టుకున్నారు. వాళ్ల కొత్త సంవత్సరానికి ఆ ఏటి జంతువుతో సింగపూర్‌లోనూ బిళ్లలు వేస్తారు. బిళ్లల మీది అంకెలు చూసి వరుసగా పేర్చాను. 2016 కోతికీ, 2018 కుక్కకీ మధ్య ఒకటి తక్కువైంది.

“నడుమ కోడిపుంజు ఉండాలె అక్కా. అదేది?” అన్నాను.

“ఆ సంవత్సరం బిళ్లనే కొట్టలేదని మా ఆయన అన్నడు గద.”

అక్కడ నేను ఆగాల్సింది. కానీ వెతికింది ఫోనులో దొరికిందన్న ఉత్సాహంలో దాన్ని ఆమె వైపు తిప్పి 2017 కోడిపుంజు బిళ్ల చూపించాను. ఆమె చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత డబ్బీలన్నీ సంచిలో వేసుకుని, కరిగించొద్దని, రేపు వస్తానని చెప్పి వెళ్లిపోయింది.

మరుసటి రోజు దేవదానం కూడా వచ్చాడు. కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తున్నాడు. రాత్రే అంతా చెప్పినట్టున్నాడు, నాకూ చెప్పాడు. కోడిపుంజు బిళ్ల కొన్న కొన్నాళ్లకే పరంజా మీది నుంచి పడి తొడ ఎముక విరిగింది. నాలుగు నెలలు మంచంలోనే. ఒకే గదిలో ఉండే మురుగన్ అనే తమిళుడు అతనికి స్నానం చేయించాడు, తినిపించాడు. తన జీతంలోంచే దేవదానం పేరున నెలనెలా మరియమ్మకు డబ్బు పంపాడు. లేచి నిలబడిన రోజున దేవదానం ఆ బిళ్లను అతని చేతిలో పెట్టాడు.

“చెప్తే నువ్వేం చేస్తుంటివి? గంత దూరం వస్తుంటివా?” అని భార్యనడిగాడు.

“రాకపోతుంటి. ఏడుస్తుంటి. గదైనా నన్ను చెయ్యనియ్యకపోతివి,” అందామె.

కాసేపటికి మురుగన్‌కు ఫోను చేయమంది. ఫోను చేతికిచ్చాక “అన్నా” అంది. అవతల అతను తమిళంలో ఏదో మెల్లగా చెబుతూనే ఉన్నాడు.

ఇలాంటి బిళ్లలు సేకరించేవాళ్లుంటారని, కరిగిస్తే ఆ విలువ పోతుందని వాళ్లకు చెప్పడం నా ధర్మం. చెప్పాను. దేవదానం తటపటాయించాడు. మరియమ్మ మాత్రం, “డబ్బీల ఉంటే ఎవరికి కనవడ్తయి? చేతికుంటే దినాం నేను చూస్త,” అంది. ఏడూ కరిగించాను. కోతిని మూసలో వేసేటప్పుడు మాత్రం నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

కడియాలు తీసుకెళ్లే రోజు మరియమ్మ ముందు మెట్లు దిగింది. దేవదానం నా వైపు వంగి, “గా కోడిపుంజు సంగతి నువ్వు చెప్పకుంటే బాగుండు సేటు,” అన్నాడు. అతను దిగాక ఆమె సంచి మరిచానంటూ వెనక్కి వచ్చి, “నువ్వు చెప్పుడే మంచిగయింది,” అంది.

ఇద్దరిలో ఎవరి మాట సరైనదో నాకిప్పటికీ తెలియదు. అప్పటి నుంచి ఎవరేం తెచ్చినా తూకం, టంచ్ మాత్రమే చెబుతున్నాను. అంతకుమించి కనిపించింది చెప్పాలంటే, వినాలని ఉందా అని ముందు అడుగుతున్నాను.