వంతెన రెండోసారి పేలినప్పుడు

ఆగస్టు నెల వచ్చిందంటే మా ఇంట్లో టీవీకి రంగులు పోతాయి. నా మనవరాలికి పాత సినిమాలంటే అంత ఇష్టం. మిగతా రోజుల్లో బెంగళూరు రైలు పట్టుకొని పనికి పోయే పిల్ల, సెలవు దొరికితే నా పక్కన చేరి తెల్లదొరలను ఎదిరించే సినిమాలు పెడుతుంది. తలమీద గుండ్రటి టోపీ, నోట్లో పైపు, చేతిలో కొరడా. దొర వచ్చాడంటే చాలు, నన్ను మోచేత్తో పొడుస్తుంది.

"అవ్వా, దొరలు నిజంగా ఇట్లనే ఉండిరా?"

నేను దొరలను చూసింది తక్కువ. చూసినవాడు మా నాయన. చిత్తూరు వైపు పల్లె విడిచి కేజీఎఫ్‌కు వచ్చి, బంగారు గనిలో దొరల కాలంలో కొన్నాళ్లు, వాళ్లు పోయాక కొన్నాళ్లు పనిచేశాడు. రాతి దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై పని మానుకున్నాక ఆయనకు మిగిలిన సరదా టెంటు సినిమా ఒక్కటే. అందులోనూ దొరలను తరిమే సినిమా వస్తే ఆగేవాడు కాదు. నన్ను వెంట తీసుకుపోయేవాడు. గట్టిగా నవ్వితే ఆయనకు దగ్గొస్తుంది, దగ్గొస్తే వీపు నిమిరే మనిషి ఉండాలి.

టెంటులో ఇసుక మీద కూర్చునేవాళ్లం. తెరమీది దొరలంతా మనవాళ్లే. ముఖం నిండా పౌడరు, వచ్చీరాని తెలుగు. ఆ తెలుగు వింటేనే నాయన పడీపడీ నవ్వేవాడు.

"మా దొర తెలుగు మాట్లాడింది నేనెప్పుడూ వినలేదప్పా," అనేవాడు పక్కాయనతో. "మేస్త్రీకి ఇంగ్లీషులో చెప్పేవాడు. తిట్లు మాత్రం మేస్త్రీ మనకు తెలుగులోనే పెట్టేవాడు."

"కొరడా ఉండెనా అన్నా?"

"కొరడా ఎందుకప్పా? కుక్క ఉండె. పనిలోకి దిగే ముందు ఆ కుక్కకు దండం పెట్టినోళ్లను చూసినా నేను."

చుట్టుపక్కల వాళ్లంతా నవ్వేవాళ్లు. సినిమా చివర జెండా ఎగిరితే అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. నాయనా కొట్టేవాడు. ఇంటికి నడిచి వస్తూ మాత్రం, "సినిమా ఆడికి ఐపోతాది పాపా. జెండా ఎగిరినాక మాకు షిఫ్టు ఉండె," అనేవాడు.

మా అన్న కూడా అదే గనిలో చేరాడు. వద్దని నాయన అనలేదు, అనడానికి వేరే పని చూపించాలి కదా. నేను చెప్పబోయే రోజు సాయంత్రం అన్న షిఫ్టులో ఉన్నాడు, భూమిలోపల.

మా ఊళ్లో నేల అదరడం కొత్త కాదు. దొరల కాలం నుంచీ తవ్వుతూ తవ్వుతూ పోయిన లోతు అది. అక్కడ రాయి మీద బరువు ఎక్కువై, ఉన్నట్టుండి పగిలి విరుచుకు పడుతుంది. ఏర్ బ్లాస్ట్ అనేవాళ్లు. పైన ఇళ్లలో గిన్నెలు దడదడలాడతాయి. ఆడవాళ్లు సంగటి కలిపే కట్టె అట్లే వదిలి గని గేటు దగ్గరికి పరుగెత్తేవాళ్లు. నిద్రపోయే పసిబిడ్డ కూడా ఆ అదురు తెలిసి లేచి ఏడ్చేది.

ఆ రోజు తెరమీద కథానాయకుడు వంతెన కింద మందు పెట్టాడు. దొర సైన్యంతో రైలు వస్తోంది. వత్తి కాలుతోంది. రైలు వంతెన ఎక్కింది, వంతెన పేలింది. మా కింద ఇసుక కదిలింది.

టెంటంతా లేచి నిలబడింది. తువ్వాళ్లు గాల్లోకి ఎగిరాయి.

"ఏం తీసినాడప్పా! నేలే అదిరిపోయె!"

"తీసినోడు మొగోడురా!"

"ఒన్స్ మోర్! ఒన్స్ మోర్!"

నాయన రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. అంత పెద్ద ఈల ఆయన ఛాతీలో ఇంకా ఉందని నాకు తెలియదు. వెంటనే దగ్గు తెర అందుకుంది. నేను వీపు నిమురుతుంటే నవ్వుతూనే దగ్గాడు.

జనం అంతగా అడిగితే ఆ కాలంలో రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేసేవాళ్లు. దీపాలు వెలిగాయి. వేరుశెనక్కాయలు కొన్నాం. అందరి నోటా ఆ అదురు మాటే. దీపాలు ఆరాయి. మళ్లీ రైలు వచ్చింది, మళ్లీ వంతెన పేలింది. శబ్దం అంతే, మంట అంతే. ఇసుక మాత్రం కదలలేదు.

ఎవరూ ఈల వేయలేదు. నాయన అరచెయ్యి ఇసుక మీద ఆనించి అట్లే ఉండిపోయాడు. ముందు కూర్చున్న ఆయన లేచి మావైపు తిరిగాడు.

"ఇంగ చాలు లేయండప్పా. అది సినిమా కాదు."

అప్పుడు పరుగెత్తాం.

మేం పోయేసరికి గేటు దగ్గర ఆడవాళ్లంతా ఉన్నారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ముందు నిలబడి ఉంది. నాయనను చూసి కొంగు తీసింది.

"యాడ పోయుంటిరి? ఇంట్లో గిన్నెలన్నీ కింద పడినాయి. ఇన్నేండ్లు లోపల చేసినోడివి, నీకు తెలీలేదా?"

నాయన గేటు ఊచ పట్టుకొని దగ్గాడు. పరుగెత్తిన ఆయాసమని అమ్మ అనుకుంది.

మనుషులను కిందికీ పైకీ చేర్చే కేజు తెల్లవార్లూ తిరిగింది. పైకొచ్చిన వాళ్లంతా దుమ్ముకొట్టుకొని ఒకే తీరుగా ఉన్నారు. నాయన ఒక్కొక్కరి ముఖం దగ్గరికి పోయి, "నువ్వేనా అప్పా? నువ్వేనా?" అని అడిగాడు. వాళ్లు తలలు దించుకున్నారు. పొద్దెక్కాక అన్నను దుప్పటి కప్పి తెచ్చారు.

నాయన మళ్లీ టెంటుకు పోలేదు. వాకిట్లో కూర్చొని, కేజును లాగే గని చక్రం వైపు చూసేవాడు.

"ఎవున్ని తిట్టేది పాపా?" అన్నాడొకసారి. "సినిమాలో ఐతే దొర ఉంటాడు, వాన్ని చంపితే ఐపోతాది. నేను దొర ఉన్నప్పుడూ చూసినా, పోయినప్పుడూ చూసినా. ఆ గుంత మాత్రం యాడికీ పోలేదు."

అమ్మ ప్రతి యేడూ అన్నకు తద్దినం పెట్టుకునే రోజున, ఆకులో అన్నం వడ్డిస్తూ అదే అడిగేది. "ఆ పొద్దు యాడుంటిరి మీరిద్దరూ?" నాయనకు దగ్గొచ్చేది. నేను వీపు నిమిరేదాన్ని.

పోయే ముందు నాయన నన్ను దగ్గరికి పిలిచాడు. "మీ అమ్మకు చెప్పొద్దు పాపా," అన్నాడు. "లోపల బిడ్డ మీద రాయి పడతా ఉంటే పైన నేను ఈల వేసినానని చెప్పొద్దు."

అమ్మ ఇంకా చాలా ఏళ్లు బతికింది. నేను చెప్పలేదు.