నేనూ అంతే గారి బ్లాగు

ఎవరు ఏ తెలివితక్కువ పని చేసి వచ్చి చెప్పుకున్నా, అది తాను అంతకుముందే చేసేశానని చెప్పడం ఆయన అలవాటు. గొప్పలు కోసేవాళ్ళు ఏ వీధిలోనైనా నలుగురుంటారు. తన మీద తానే కోతలు కోసుకునే మనిషి మాత్రం ఆ వీధికంతటికీ ఈయనొక్కరే. "నేనూ అంతే!" అనకుండా ఆయన సంభాషణ మొదలుపెట్టిన దాఖలా లేదు. అందువల్ల అసలు పేరు కరెంటు బిల్లుకు మాత్రమే పరిమితమై, ఆయన అందరికీ 'నేనూ అంతే గారు' అయిపోయారు.

ఎదురింటి టైలరు ఒకరోజు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఫోను మాట్లాడుతూ ఇస్త్రీపెట్టెను ప్యాంటు మీదే వదిలేశాడట. ఎవరిదో కొత్త ప్యాంటుకు పెట్టె ఆకారంలో కిటికీ పడింది.

"నేనూ అంతే!" అన్నారాయన, కుర్చీ ముందుకు లాక్కుని. "నా సూటు అలాగే కాల్చాను. సరిగ్గా వీపు నడిమధ్యన."

"మీకు సూటెప్పుడుందండీ?" అంది వంటింట్లోంచి ఆయన భార్య.

"కాలిపోయాక ఎక్కడుంటుందీ?"

టైలరు పకపకా నవ్వి, ప్యాంటు యజమానికి నిజం చెప్పే ధైర్యం తెచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఇంకోసారి పక్కింటి బ్యాంకు ఉద్యోగిని. జేబులో ఫోనుతో సహా బట్టల్ని వాషింగ్ మెషిన్‌లో వేసిందట. "నేనూ అంతేనమ్మా, రెండుసార్లు! రెండోసారికి ఫోను తెల్లగా వచ్చింది."

"మనింట్లో వాషింగ్ మెషినే లేదు కదండీ!" అంది వంటిల్లు.

"అందుకే కొనలేదు. నా మీద నాకు నమ్మకం లేదు!"

ఈ మనిషి బ్లాగు రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ బ్లాగు పెట్టించిన పాపం ఆయన మేనకోడలిది.

ఆమె ప్రింటింగ్ ప్రెస్సులో పుస్తకాల పేజీలు కూర్చే ఉద్యోగం చేస్తుంది. మామయ్య ఇల్లు రెండు వీధుల అవతల. ఆయన ముప్పై ఐదేళ్ళు ఇంటి సామాన్ల సర్వీసు సెంటర్లో పనిచేశారు. మిక్సీలు, ఫ్రిజ్‌లు, గ్రైండర్లు, ఫ్యాన్లు. ఆయన చేతిలో పడి బాగుపడకుండా వెళ్ళినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రిటైరయ్యాక ఆ వేళ్ళకే వణుకు వచ్చింది. "స్క్రూడ్రైవరు స్క్రూ దగ్గరికి వచ్చేలోపు నాలుగూళ్ళు తిరిగొస్తోంది" అని ఆయనే నవ్వేవారు. కానీ ఎవరో నమ్మకంగా తెచ్చిన మిక్సీని విప్పలేక తిప్పి పంపేసిన రోజున, సాయంత్రం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడమంటే ఇల్లు ఇల్లంతా ఫ్యూజు పోయినట్టే.

మర్నాడే మేనకోడలు బ్లాగు తెరిచి ఇచ్చింది. "చేతులతో చేసింది చాలు మామయ్యా. ఇక చెప్పండి."

ఆయన చూపుడు వేలొక్కదానితో టైపు చేసేవారు. వేలు వణికి ఏ అక్షరం మీద పడితే అది పడేది. ఆమె దిద్దేది. ఐదేళ్ళలో మూడు వందల పైచిలుకు పోస్టులయ్యాయి. 'మిక్సీ తిరగడం లేదా? కంగారు పడకండి, నేను మూడు కాల్చాను.' 'ఫ్రిజ్‌లో ఐసును కత్తితో పొడిచి నేను చేసిన ఘనకార్యం.' 'ప్లగ్గు పెట్టకుండా మెకానిక్‌ని పిలిచిన మెకానిక్‌ను నేనే.' పద్ధతి అంతటా ఒకటే. మొదటి పేరాలో ఆయన పరువు పోతుంది, రెండో పేరాలో మీ మిక్సీ బాగుపడుతుంది. తమ ఇంట్లో పాడైన వస్తువు పేరు కొట్టి, సెర్చ్ చూపిన దారిన రోజుకు నాలుగు వేల మంది వచ్చేవారు. అడిగిన ప్రతివాళ్ళకూ ఆయన జవాబు రాసేవారు. ఆ జవాబు ఎలా మొదలయ్యేదో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి బ్లాగు ఉన్నట్టుండి కుప్పకూలింది. పది రోజుల్లో నాలుగు వేలు నాలుగొందలయ్యాయి. ఇంకో వారానికి ముప్పై ఆరు.

మేనకోడలు ఆఫీసు నుంచి తిన్నగా వచ్చి కంప్యూటరు ముందు కూలబడింది. "మామయ్యా, నిన్న ముప్పై ఆరుగురే వచ్చారు!"

"ముప్పై ఆరుగురా? ఒక్కసారిగా ఇంటికొస్తే కూర్చోబెట్టడానికి మనకు కుర్చీలు చాలవు!"

"నవ్వులాట కాదు. నాలుగు వేల మంది వచ్చేవారు!"

అప్పుడాయన నవ్వు ఆపి, స్క్రీను మీద జారుడుబల్లలా దిగిపోయిన గీతను చాలాసేపు చూశారు. "అయితే మిగతావాళ్ళ మిక్సీలు ఎవరు చూస్తున్నారో?" అన్నారు మెల్లగా.

ఆ మాటతో ఆమెకు పట్టుదల పుట్టింది. వారం రోజులు భోజనాల విరామంలో కూడా వదలకుండా చదివింది. సెర్చ్ కంపెనీ ఆ నెలలోనే పద్ధతులు మార్చిందని, ఇకపై తమ పని తెలిసినవాళ్ళు నమ్మకంగా రాసిందే ముందు చూపిస్తుందని అందరూ రాస్తున్నారు. ఇంకేం, దొంగ దొరికాడనుకుంది.

"మీ వల్లే మామయ్యా! మూడు వందల పోస్టుల్లో మూడు వందల తప్పులు ఒప్పుకున్నారు. మిమ్మల్ని చూస్తే సెర్చ్‌కే భయం వేసుంటుంది. ఇంత చేతకాని మెకానిక్ దగ్గరికి జనాన్ని ఎందుకు పంపాలి అనుకుంటుంది కదా?"

"న్యాయమే. నేనైనా పంపను."

"అయితే ఆ మొదటి పేరాలన్నీ కొట్టేద్దాం."

"ఆ ఒక్కటీ కుదరదమ్మాయ్." ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినలేదు. నట్టు బిగించినట్టుంది. "మిగతావి ఏం చేయమన్నా చేస్తాను. ఎన్నాళ్ళైనా కూర్చుంటాను."

కూర్చున్నారు కూడా. రోజూ సాయంత్రం ఆరింటికల్లా ముందు గదిలో బల్ల ముందు ఇద్దరూ హాజరు. ఒకే విషయం మీద రాసిన పోస్టులు కలిపారు. తలకిందులుగా ఉన్న ఫొటోలు నిలబెట్టారు. పనిచేయని లింకులు ఏరేశారు. ఆయన కళ్ళజోడు తుడుచుకోవడం, ఒక వేలితో కొట్టడం, మళ్ళీ తుడుచుకోవడం. "పడుకున్న బ్లాగు దానంతటదే లేస్తుందా ఏమిటి? లేపాలి" అనేవారు. ప్రతి పోస్టు పైనా 'ముప్పై ఐదేళ్ళ అనుభవం' అని రాయాలని ఆమె పట్టుబడితే సరేనన్నారు. మర్నాడు చూస్తే అక్కడ ఇలా ఉంది: 'ముప్పై ఐదేళ్ళ అనుభవం. అందులో ముప్పై నాలుగేళ్ళు తప్పులకే సరిపోయాయి.'

"మామయ్యా!"

"అనుభవమంటే అదే కదమ్మా మరి!"

మూడు వారాల చాకిరీ తర్వాత లెక్క చూస్తే పదకొండు.

"అందులో నలుగురం మనమే" అంది అత్తయ్య. "నేను పొద్దున రెండుసార్లు తెరిచాను. వాళ్ళూ వస్తారేమోనని."

అదే సాయంత్రం ఫోను మోగింది. ఆస్పత్రి క్యాంటీన్ నడిపే ఆవిడ. ఎప్పుడో ఒకసారి ఈ బ్లాగు చూసి ఫ్రిజ్ బాగుచేసుకుని, నంబరు దాచుకుందట.

"బ్లాగు మూసేశారా అండీ? మైక్రోవేవ్ పాడైంది. మీరు దాని గురించి రాశారని గుర్తు. ఎంత వెతికినా దొరకలేదు. ఇంకెక్కడో చూసి వెనక మూత విప్పుతున్నాను. మీ గొంతు వింటే ధైర్యంగా ఉంటుందని చేశాను."

"విప్పకండి!" మామయ్య కుర్చీలోంచి లేచిపోయారు. "చేతిలో ఉన్నది కింద పెట్టండి! ప్లగ్గు తీసినా లోపల కరెంటు దాగి ఉంటుందమ్మా. ప్రాణం పోతుంది. మూత మూసేసి మెకానిక్‌ని పిలవండి."

అవతల బల్ల మీద ఏదో ఇనుము పెట్టిన చప్పుడు. తర్వాత, "పెట్టేశానండీ" అంది ఆవిడ చిన్నగా. "ఎంత తెలివితక్కువదాన్ని!"

"అబ్బే, నేనూ అంతే! స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరాను. మా ఆవిడ చూసి చేయి పట్టుకు లాగేసింది."

"ఎప్పుడండీ?" అనబోయి, భర్త ముఖం చూసి అత్తయ్య ఊరుకుంది.

ఫోను పెట్టేశాక ఆయన మళ్ళీ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఆ పోస్టు ఆవిడకు ఎందుకు దొరకలేదమ్మాయ్? దాని పేరే 'మైక్రోవేవ్ విప్పొద్దు' కదా?"

మేనకోడలు ఆ పేరును ఉన్నదున్నట్టు సెర్చ్‌లో కొట్టింది. రాలేదు. పక్కన మామయ్య పేరు చేర్చింది. రాలేదు. ఇంకో పోస్టు పేరు కొట్టింది, బ్లాగు పేరే కొట్టింది. లేదు. అప్పుడామెకు అనుమానం తగిలింది. నచ్చని బ్లాగును సెర్చ్ వెనక్కి నెడుతుంది. ఎంత వెనక్కి నెట్టినా ఏదో ఒక మూల ఉండాలి. ఇది వెనకపడడం కాదు, అసలు లేకపోవడం.

సెట్టింగులు తెరిచి ఒక్కొక్కటే చదువుకుంటూ వెళ్ళింది. నాలుగో పేజీ అడుగున చిన్న గడి, దాని పక్కన ఒక వాక్యం: 'ఈ బ్లాగును సెర్చ్‌లో చూపించవద్దు.' గడిలో టిక్కు.

ఆమెకు అంతా గుర్తొచ్చింది. రెండు నెలల క్రితం బ్లాగుకు కొత్త రూపం ఇచ్చింది తనే. పెద్ద అక్షరాలు, శుభ్రమైన పేజీలు. పని సగంలో ఉండగా ఎవరి కంటా పడకూడదని ఆ టిక్కు పెట్టిందీ తనే. పని పూర్తయ్యాక తీయడం మరిచిపోయింది. మూడు వారాలుగా పెద్దాయన్ని బల్ల ముందు కూర్చోబెట్టి, మీ వల్లే మీ వల్లే అని సాధించింది.

"మామయ్యా..." ఆ గడి మీద వేలు పెట్టి చూపించింది. "మీ పోస్టుల తప్పేం లేదు. ఈ టిక్కు... కొత్త రూపం పెట్టినప్పుడు..."

ఆయన కళ్ళజోడు సవరించుకుని ముందుకు వంగారు. గడిని చూశారు. మేనకోడలి ముఖం చూశారు. మళ్ళీ గడిని చూశారు.

"ఓ, ఇదా! ఇది నేను నొక్కిందే కదమ్మా!"

"మీరా?"

"మొన్నామధ్య ఎందుకో తెరిచాను. అన్నింటికీ టిక్కులున్నాయి, ఇదొక్కటీ ఖాళీగా పడుంది. పాపం అనిపించింది. పెట్టేశాను."

"మీకు పాస్‌వర్డే తెలియదు కదండీ!" అంది అత్తయ్య.

"తెలియకుండానే నొక్కాను. తెలిసి ఎవరైనా నొక్కుతారా?"

ఆ ముఖంలో ఎంత వెతికినా నటన కనపడదు. నిజంగానే తప్పు చేసి దొరికిపోయిన మనిషిలా తల గోక్కుంటున్నారు. సూటు లేని మనిషి సూటు ఎందుకు కాల్చుకున్నాడో మేనకోడలికి అప్పుడర్థమైంది. మూడు వారాలుగా కొట్టేయమని పోరిన ఆ మాట ఈరోజు తనకే కావలసివచ్చింది. ఏడుపు రావలసిన చోట నవ్వు వచ్చింది. నవ్వుతూనే టిక్కు తీసేసింది.

బ్లాగు ఒక్కసారిగా లేవలేదు. పదకొండు నలభై అయింది, నలభై మూడొందలైంది. ఇద్దరూ సాయంత్రం ఆరింటి హాజరు మానలేదు. ఇంకో రెండు నెలలకు లెక్క మూడు వేల ఆరు వందలకు చేరింది. క్యాంటీన్ ఆవిడ 'ఇప్పుడు వెతగ్గానే దొరికింది' అని మైక్రోవేవ్ పోస్టు కింద రాసింది.

మామయ్య వెంటనే కొత్త పోస్టు వేశారు: 'నా బ్లాగును నేనే దాచేసి, నేనే వెతుక్కున్న వైనం.' అందులో ఆ టిక్కు ఏ వేలితో పెట్టారో, పెట్టేటప్పుడు ఏం తింటున్నారో కూడా వర్ణించారు.

మేనకోడలు దాని కింద రాసింది: 'ఇదంతా కల్పన. టిక్కు పెట్టింది నేను, తీయడం మరిచిపోయిందీ నేనే. మామయ్యకు ఆ గడి ఎక్కడుందో కూడా తెలియదు.'

పావుగంటలో, అచ్చుతప్పులతో సహా, ఆయన జవాబు వచ్చింది: 'పాఠకులకు మనవి. మా మేనకోడలు చెప్పేది నమ్మవద్దు. పిల్ల మంచిది. ఎవరి తప్పయినా తన మీద వేసుకుంటుంది. ఈ అలవాటు ఎక్కడ అబ్బిందో మాకు తెలియడం లేదు.'